ఉస్తాద్ కోసిన చక్రాలు

ఉస్తాద్ పోయాడు. పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున ఆయన కొడుకు ఫోన్ చేసి, "అంకుల్, నాయన పోయిండు" అన్నాడు. సాయంత్రం ఎన్నింటికి చర్చికి రావాలో చెప్పి పెట్టేశాడు. నేనప్పుడు కొత్తపేట రైతుబజారులో తోటకూర కట్టలు ఏరుతున్నాను. ఏరినవి సంచిలో వేసుకుని, ఇంటికి వచ్చి, చెప్పులు విప్పి, అప్పుడు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. మొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. అయినా అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇక ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలానని అనుకున్నాను. అనుకోగానే గుండె మీద బరువు దిగినట్టయింది. ఎనభై ఏళ్లు వచ్చినా మనిషి బుద్ధి ఎక్కడ ఉంటుందో చూడండి.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు నాలుగు మంచి మాటలు రాయడం ఆనవాయితీ. ఉస్తాద్ గురించి రాయడానికి మంచి మాటలకు కొదవ లేదు. చెడ్డ మాటలు కూడా ఇందులో కొన్ని వస్తాయి. అవి ఆయన గురించి కావు.

ఆయన చేసింది కార్ల చక్రాల పని. చక్రమంటే టైరు కాదు, టైరు కూర్చునే ఇనప రిమ్ము. ఫుట్‌పాత్ అంచు రాయికో, కల్వర్టు గోడకో చక్రం తగిలితే రిమ్ము అంచు నొక్కుకుపోతుంది. అలాంటిదే బిగించుకుని తిరిగితే స్టీరింగు చేతిలో వణుకుతుంది, గాలి నిలవదు, టైరు ఒక పక్కే అరుగుతుంది. ఆ రోజుల్లో కొత్త రిమ్ము దొరకడం గగనం. అందుకని అంబాసిడర్లూ ఫియట్లూ తోలేవాళ్లం చాలామందిమి దిల్‌సుఖ్‌నగర్‌లో విజయవాడ రోడ్డు పక్కనున్న ఆయన రేకుల షెడ్డుకే చేరేవాళ్లం. అప్పటి దిల్‌సుఖ్‌నగర్ అంటే రోడ్డుకి అటూ ఇటూ కొన్ని షెడ్లు, ఒక చాయ్ హోటలు, వెనకంతా ద్రాక్షతోటలు. ఇప్పుడు ఎల్‌బీ నగర్ చౌరస్తా ఉన్నచోట అప్పట్లో రోడ్డు తప్ప చెప్పుకోదగ్గది ఏమీ ఉండేది కాదు.

షెడ్డు మధ్యలో నేలలో పాతిన ఇనప స్తంభం ఒకటి ఉండేది. రిమ్మును దానికి తొడిగి, చేత్తో ఒక తిప్పు తిప్పి, అంచుకు దగ్గరగా సుద్దముక్క పట్టుకునేవాడు. ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ సుద్ద అంటుకుంటుంది. అంటుకున్నచోట చింతచెక్క ఆనించి సుత్తితో కొట్టేవాడు. మళ్లీ తిప్పేవాడు. సుద్ద ఎక్కడా తగలకుండా చక్రం గిర్రున తిరిగేదాకా అదే పని. నిప్పు పెట్టేవాడు కాదు. "కాల్చిన ఇనుము చెప్పినట్టు ఇంటది గని తమ్మీ, మళ్లొక్క దెబ్బకు నిలవది" అనేవాడు. నన్ను తమ్మీ అనేవాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని.

నొక్కు తీశాక అసలు పరీక్ష ఉండేది. రిమ్మును శుభ్రంగా తుడిచి, లోపలి వైపు కుంచెతో కిరోసిన్ పూసి, ఒక చాయ్ తాగేంత సేపు పక్కన పెట్టేవాడు. ఆ చాయ్ తాగేటప్పుడు ఎవరు తొందరపెట్టినా సాసర్ కింద పెట్టేవాడు కాదు. తర్వాత పొడిగుడ్డతో తుడిచి, బయటి వైపు సుద్దపొడి రాసేవాడు. ఇనుము ఎక్కడైనా చిట్లి ఉంటే, కంటికి కనపడనంత సన్నగా చిట్లినా, అందులో దాగిన కిరోసిన్ మెల్లగా ఊరి తెల్లటి పొడిలో నల్లటి గీతై బయటపడేది. గీత లేకపోతే చక్రం మనది. గీత ఉంటే అది పారెయ్యాల్సిందే. అతుకు పెట్టడం ఆయన దగ్గర లేదు. ఆ రోజుల్లో పనికిరాని రిమ్ము మీద ఎర్ర రంగుతో ఇంటూ గీసి తిరిగి ఇచ్చేసేవాడు.

ఆ సుద్దపొడి ఎక్కడిదంటే, ఆయన భార్య, మా ఒదిన, ఒక మిషన్ బడిలో ఆయాగా పనిచేసేది. టీచర్లు పారేసిన సుద్దముక్కలు కొంగున కట్టి తెచ్చేది, ఈయన దంచుకునేవాడు. వాళ్లది నల్గొండ పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఉస్తాద్‌కి చదువు పెద్దగా లేదు కానీ ఒక మాట ఎప్పుడూ అనేవాడు: "దెబ్బ తింటె ఇనుము ఒంగుతది, గది తప్పు గాదు. పగిలినంక పగల్లేదనుడు తప్పు." నేను తలూపేవాణ్ని. మంచి మాట అని నవ్వేవాణ్ని కూడా.

ఇక నా సంగతి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఒక ప్రభుత్వ ఆఫీసులో కారు డ్రైవరుగా చేరాను. కొత్తపేటలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఆ ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలి. పదిహేనేళ్లుగా ఇక్కడే ఉంటున్నట్టు ముల్కీ సర్టిఫికెట్ చూపించాలి. నేను వచ్చి పదిహేను నెలలు కూడా కాలేదు. అయినా సర్టిఫికెట్ సంపాదించాను. ఎలా సంపాదించానో చెప్పను, అలా సంపాదించినవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకు తెలుసు. ఆ కాగితం సంగతి ఈ ఊళ్లో నేను ఒక్క మనిషికే చెప్పాను. ఒకనాడు కిరోసిన్ ఊరేదాకా చాయ్ తాగుతూ ఉస్తాద్‌కి చెప్పాను. ఆయన సాసర్ ఖాళీ చేసి కింద పెట్టాడు. తర్వాత, "మా అన్న కొడుకు డ్రైవింగ్ నేర్సి ఊకె కూసున్నడు" అన్నాడు. అంతే. అంతకుమించి ఒక్క మాట అనలేదు. నేను వెళ్లేటప్పుడు మామూలుగానే తమ్మీ అన్నాడు.

అరవై తొమ్మిదో సంవత్సరం వచ్చింది, తెలంగాణ ఉద్యమం మొదలైంది. ఊరంతా ఊరేగింపులు, రాళ్లు, లాఠీలు, కర్ఫ్యూలు. బడులు మూతపడ్డాయి. ఒదినకు సుద్దముక్కలు దొరకడం మానేశాయి. ఉస్తాద్ పక్కింటి ఆవిడ దగ్గర ముగ్గుపిండి అడిగి తెచ్చుకుని దానితో పని కానిచ్చేవాడు. ఆయన ఊరేగింపులకు పోయే మనిషి కాదు కానీ న్యాయం అటే ఉందనేవాడు. ఉంది మరి. నాలాంటివాళ్లు ఉన్నప్పుడు ఉండదా. షెడ్డు గోడ మీద ఎవరో పెద్ద అక్షరాలతో నాన్-ముల్కీ గో బ్యాక్ అని రాసిపోయారు. ఆ గోడ కిందే నాకు స్టూలు వేసి, "నిన్నే పొమ్మంటున్నరు తమ్మీ. చాయ తాగి పో" అని నవ్వాడు.

ఒకరోజు పట్టపగలు, ఆఫీసరును దింపి ఖాళీ కారుతో మలక్‌పేట మీదుగా వస్తుంటే ఎదురుగా జనం కనపడ్డారు. చేతుల్లో రాళ్లున్నాయో జెండాలున్నాయో కూడా చూడలేదు. భయపడి బండి ఎడమకు కోసి ఫుట్‌పాత్ ఎక్కించి సందులోకి తిప్పేశాను. ముందు ఎడమ చక్రం అంచు రాయికి ఫెళ్లున తగిలింది. జనం నా వైపు రానే లేదు. వాళ్ల దారిన వాళ్లు పోయారు. నొక్కుకుపోయిన చక్రంతో ఉస్తాద్ దగ్గరికి వచ్చాను.

ఆయన నొక్కు తీశాడు. కిరోసిన్ పూశాడు. ముగ్గుపిండి రాశాడు. నట్లు బిగించే రంధ్రం పక్కన, రెండు వేళ్ల పొడుగున, గీత వచ్చింది. ఎర్ర రంగుతో ఇంటూ గీసి నా ముందు పెట్టాడు. ముందర కాదు, వెనక కాదు, స్టెపినీ కింద కూడా వాడొద్దన్నాడు. కొత్తది తెప్పించుకోమన్నాడు. కొత్తది కావాలంటే ఆఫీసులో కాగితం పెట్టాలి, చక్రం ఎలా పాడయిందో రాయాలి, ఫుట్‌పాత్ ఎందుకెక్కిందని అడుగుతారు, ఫైలు తీస్తారు. ఆ రోజుల్లో ఫైలు తీశారంటే ముందు చూసేది ముల్కీ కాగితమే. అదంతా ఉస్తాద్‌కి చెప్పాను. ఒక్కసారికి అతుకు పెట్టించి ఎవరికీ తెలియకుండా సర్దేద్దామని బతిమాలాను.

"నీ కాగితం పరేషాన్ నీది. చక్రం పరేషాన్ అందరిది" అన్నాడు ఉస్తాద్. "ఎయ్యకు తమ్మీ. నీ చెయ్యి పట్టుకొని చెప్తున్న."

నిజంగానే నా మణికట్టు పట్టుకుని చెప్పాడు. వేళ్ల ముగ్గుపిండి నా చొక్కా అంచుకు అంటింది.

నేను ఆ చక్రం తీసుకుని చంపాపేట్ వెళ్లాను. రోడ్డు పక్కన వెల్డింగు చేసేవాడు అడిగిన పని చేసిపెట్టాడు, అతణ్ని అనడానికి ఏమీ లేదు. ఎర్ర ఇంటూను కిరోసిన్ గుడ్డతో నేనే తుడిచాను. పైన వెండి రంగు పూశాను. కొత్త చక్రంలా మెరిసింది. స్టెపినీ తీసి డిక్కీలో పడేసి, దీన్ని మళ్లీ ముందు ఎడమ పక్కనే బిగించాను. అక్కడైతే ఎవరికీ అనుమానం రాదనుకున్నాను.

మూడు వారాలు బాగానే తిరిగింది. నాలుగో వారం ఆఫీసరును తీసుకుని విజయవాడ రోడ్డు మీద పోతుంటే, హయత్‌నగర్ చేరకముందే చక్రం ముక్కలైంది. బండి రోడ్డు దిగి కల్వర్టును గుద్దింది. నాకు నుదురు చిట్లింది. ఆఫీసరు తొడ ఎముక విరిగింది. ఆయన కూడా మా వైపు మనిషే. దవాఖానలో మంచం మీద పడుకుని, నొప్పికి పళ్లు బిగపట్టి, ఇది వాళ్లు కావాలని చేసిన పనే అన్నాడు. వాళ్లెవరో ఆ రోజుల్లో విడమరిచి చెప్పనక్కర్లేదు.

పోలీసులు నన్ను ఒక్కటే అడిగారు, చక్రం ఎక్కడ బాగుచేయించావని. దిల్‌సుఖ్‌నగర్‌లో అన్నాను. అది అబద్ధం కాదు. ఇన్నేళ్లుగా దాన్ని తిప్పి తిప్పి చూసుకుంటూనే ఉన్నాను, అందులో అబద్ధం లేదు. చంపాపేట్ అనే మాట మాత్రం రాలేదు. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. ఆంధ్రా ఆఫీసరు కారు, తెలంగాణ మేస్త్రి, గోడ మీద నినాదం. మిగిలిన కథ వాళ్లే అల్లుకున్నారు. ఆ సాయంత్రమే ఉస్తాద్‌ని తీసుకుపోయారు.

ఐదో రోజు నన్ను స్టేషన్‌కి పిలిపించారు. ఉస్తాద్ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో దాన్ని జాగ్రత్తగా పట్టుకున్నాడు. మణికట్టు వంకాయ రంగులో వాచి ఉంది. ఇన్‌స్పెక్టర్ నన్ను అడిగాడు, ఈ చక్రం వాడొద్దని నీకు చెప్పానంటున్నాడు, ఎర్ర రంగు కూడా పూశానంటున్నాడు, నిజమేనా అని.

ఉస్తాద్ తలెత్తి నన్ను చూశాడు. "చెప్పు తమ్మీ" అన్నాడు.

"నాకు గుర్తులేదు సార్" అన్నాను.

ఆయన నన్ను తమ్మీ అని పిలవడం అదే ఆఖరు.

ఇక్కడ మీకు ఒక విషయం తట్టి ఉండాలి. నాకు మాత్రం బయటికి వచ్చి రోడ్డెక్కాక తట్టింది. ఆ గదిలో ఉస్తాద్ ఒక్క మాట అని ఉంటే చాలు. వీడి ముల్కీ కాగితం దొంగది, అందుకే అబద్ధమాడుతున్నాడు అని అంటే చాలు. అప్పుడే నా ఉద్యోగం ఊడేది, ఆయన బయటపడేవాడు. ఐదు రోజులు కొట్టినా ఆయన ఆ మాట అనలేదు. చాయ్ తాగుతూ చెప్పిన మాట చాయ్ దగ్గరే ఉంచాడు. ఎందుకు ఉంచాడో నాకు ఈ రోజుకీ తెలియదు. అడిగే మొహం లేక అడగలేదు.

రుజువు లేక ఆయన్ని వదిలేశారు. ఎముక సరిగా అతకలేదు. కుడి మణికట్టు తర్వాత ఎప్పుడూ పూర్తిగా తిరగలేదు. కొన్ని నెలలకు ధైర్యం చేసి షెడ్డుకి వెళ్లాను. ఎడమ చేత్తో సుత్తి పట్టుకుని కొట్టడం నేర్చుకుంటున్నాడు. రెండు దెబ్బలు చెక్కకు తగిలితే ఒకటి నేలకు తగులుతోంది. ఒదిన నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. బతికున్నంత కాలం ఆమె నాతో మళ్లీ మాట్లాడలేదు. అన్నా అంటూ నేను ఏదో మొదలుపెట్టాను.

"పనుంటె చెప్పుండ్రి డ్రైవర్ సాబ్" అన్నాడు ఉస్తాద్. "మాటలుంటె బయట మాట్లాడుకోండ్రి."

ఆ తర్వాత నేను కూడా అన్నా అనలేదు. అందరిలాగే ఉస్తాద్ అన్నాను.

అలా అని నన్ను రావద్దనలేదు. యాభై ఏళ్లు నా చక్రాలు ఆయనే చూశాడు. ఆఫీసు కార్లు, రిటైరయ్యాక కొనుక్కున్న పాత ఫియటు, తర్వాత మా అబ్బాయి మారుతి. పనిలో ఒక్క దెబ్బ తక్కువ కొట్టలేదు. కానీ ప్రతిసారీ పొడి రాశాక మిగతావాళ్లకు తనే చూసి చెప్పేవాడు, నన్ను మాత్రం వంగి చూడమనేవాడు. "ఏమున్నది, మీరే చెప్పుండ్రి" అనేవాడు. గీత లేదు ఉస్తాద్ అనేవాణ్ని. "మంచిగ చూసి చెప్పుండ్రి" అనేవాడు. గీత ఉన్నప్పుడు, ఉందని గట్టిగా, షెడ్డులో ఉన్నవాళ్లందరికీ వినపడేలా చెప్పేదాకా కదిలేవాడు కాదు. మిగతావాళ్లు ఇదేదో మా ఇద్దరి మధ్య సరదా అనుకునేవారు. నేను వేరే షాపుకి పోవచ్చు. పోలేదు. దాన్ని శిక్ష అనుకుంటే అంతకంటే తక్కువ శిక్ష ఎక్కడా దొరకదని నాకు తెలుసు.

ఆయన పనిలో ఇంకొకటి మారింది. ఎర్ర రంగు డబ్బా షెడ్డులోంచి మాయమైంది. గీత వచ్చిన రిమ్మును ఇక తిరిగి ఇచ్చేవాడు కాదు. అక్కడే, బండి యజమాని ఎదురుగా, రంపంతో రెండుగా కోసేవాడు. ఎడమ చేత్తో ఇనప చక్రం కోయాలంటే గంట పట్టేది, ఒక్కోసారి రెండు బ్లేడ్లు విరిగేవి. యజమానులు గొడవపడేవారు. నా సొమ్ము కోయడానికి నువ్వెవడివని కొందరు చెయ్యెత్తారు కూడా. కోయించుకోను అన్నవాడి చక్రం అసలు ముట్టుకునేవాడు కాదు. బేరాలు తగ్గాయి. కొత్తపేట పండ్ల మార్కెట్ లారీలు ఎదురుగానే ఆగేవి, అతుకులు పెట్టే షాపులు పక్కపక్కనే వెలిశాయి. ఈయన మాత్రం కోసిన సగాలు గోడకు ఆనించి పేరుస్తూ పోయాడు. పిల్లలకు స్టేషన్ సంగతి ఆయనా చెప్పలేదు, ఒదినా చెప్పలేదు, వాళ్లు దాన్ని పిచ్చి అన్నారు. కొడుకు పెద్దయ్యాక నా ముందే అన్నాడు, మా నాయన రిమ్ములు కోసి కోసి మా కడుపులు కోసిండని. ఆ కోత ఎందుకో తెలిసినవాణ్ని నేను, ఆ పక్కనే కూర్చుని చాయ్ ఊదుకుంటున్నాను.

రాష్ట్రం వచ్చాక ఒకసారి కాలనీ పెద్దలు పూలదండ, శాలువా పట్టుకుని ఉస్తాద్ ఇంటికి వచ్చారు. అరవై తొమ్మిదిలో పోలీసు దెబ్బలు తిన్నవాళ్లకు సన్మానమట. అప్పుడూ నేను అక్కడే ఉన్నాను. ఉస్తాద్ శాలువా ముట్టుకోలేదు. "నేను ఉద్యమంల దెబ్బలు తినలే. ఒక చక్రం కాడ తిన్న. డ్రైవర్ సాబ్‌కు ఎరుకే, అడుగుండ్రి" అన్నాడు. వాళ్లంతా నా వైపు తిరిగారు. ఉస్తాద్ కూడా చూస్తున్నాడు. స్టేషన్‌లో చూసిన చూపే. అప్పటికి నా ఉద్యోగం అయిపోయి ఎన్నో ఏళ్లు, పెన్షన్ కూడా ఎవరూ ఆపలేరు. భయపడటానికి ఏమీ లేదు. అయినా నోరు పెగల్లేదు. పెద్దాయన వినయం కొద్దీ అలా అంటున్నారని ఎవరో అన్నారు. అందరూ చప్పట్లు కొట్టి శాలువా ఆయన కుర్చీ మీద వేసి వెళ్లిపోయారు. ఉస్తాద్ దానితో మర్నాటి నుంచి రిమ్ములు తుడిచాడు.

ఎల్‌బీ నగర్ చర్చిలో ఆయన సంస్మరణ ప్రార్థన జరిగింది. పాస్టరు గారు, తెలిసినవాళ్లు రెండు మాటలు చెప్పమన్నారు. కొడుకు లేచి, నాయన మొండితనం గురించి చెప్పాడు. గిరాకీ ఎదురుగ నిలబడి వద్దో వద్దో అని మొత్తుకుంటుంటే రిమ్ము కోసే తీరు చేతులతో చేసి చూపించాడు. ప్రేమగానే చూపించాడు. అందరూ నవ్వారు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి మొహం కడుక్కుంటూ ఆ నవ్వు తలచుకున్నాను. స్టేషన్‌లో అన్న మాటకు భయమన్నా ఉంది. ఈ నవ్వుకు ఏముంది?

మొన్న మా అబ్బాయి దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల కింద యూటర్న్ తిప్పబోయి, కారు చక్రం డివైడరు అంచుకు కొట్టించుకొచ్చాడు. అల్లాయ్ చక్రం. అంచు చెక్కుకుపోయింది, లోపల చిన్న నొక్కు. నేనే దాన్ని ఆటోలో వేసుకుని ఉస్తాద్ కొడుకు షాపుకి వెళ్లాను. షాపు ఎల్‌బీ నగర్‌లో మెట్రో స్టేషన్‌కి కొంచెం ఇవతల. ఆంధ్రా బస్సుల కోసం నిలబడే జనం అంతా ఆ ఫుట్‌పాత్ మీదే ఉంటారు. కొడుకు చక్రాన్ని మెషీన్ మీద తిప్పి చూశాడు. నొక్కు తీసి, అంచుకు అతుకు నింపి, రంగు కొడితే కొత్తదాని లెక్క అయితదన్నాడు.

నేను కిరోసిన్ అడిగాను. గదంతా ఇప్పుడు ఎవరు చేస్తున్నరు అంకుల్ అని నవ్వాడు, అయినా వెతికి ఒక సీసాలో తెచ్చాడు. సుద్దపొడి కోసం ఉస్తాద్ రేకు డబ్బా తీశాడు. అడుగున పిడికెడు ఉంది. నేనే పూశాను. ఇద్దరం చాయ్ తాగాం. తుడిచి, పొడి రాశాను. కళ్లజోడు సర్దుకుని వంగి చూశాను. అంచు మడతలో, వేలెడు పొడుగున, నల్లగా ఊరింది.

"ఉంది" అన్నాను గట్టిగా, షాపులో పనివాళ్లు తిరిగి చూసేలా.

సన్నదే కదా, వెల్డింగ్ పెడితే నడుస్తది అన్నాడు కొడుకు. నేను రంపం ఇమ్మన్నాను. అతను మళ్లీ నవ్వాడు. నాయన లెక్కనే మీరు కూడా మొదలుపెట్టిండ్రా అన్నాడు. అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను. మలక్‌పేట ఫుట్‌పాత్ దగ్గర్నుంచి మొదలుపెట్టి, ముల్కీ కాగితం, ఎర్ర ఇంటూ, చంపాపేట్, వెండి రంగు, కల్వర్టు, ఏదీ దాటెయ్యకుండా చెప్పాను. మెషీన్ ఎవరో ఆపేశారు.

"మీ నాయన వద్దని నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. స్టేషన్‌లో నాకు గుర్తులేదన్నాను. నాకు గుర్తుంది. అప్పుడూ గుర్తుంది. మీ నాయన రిమ్ములు కోసింది పిచ్చితో కాదు బాబూ, నాలాంటివాడు ఇంకొకడు ఆ గుర్తు చెరిపెయ్యకుండా కోశాడు."

 అతను, పాత షెడ్డు నుంచి తెచ్చి గోడ పక్కన పేర్చిన సగం చక్రాల వైపు చూశాడు. చిన్నప్పటి నుంచి వాటి మధ్య పెరిగినవాడు. అతనికి కూడా ఇప్పుడు యాభై దాటాయి. తిడతాడనుకున్నాను. కొడతాడేమోనని కూడా అనుకున్నాను, కొడితే బాగుండునని అనుకున్నాను. లోపలికి వెళ్లి రంపం తెచ్చాడు. పిడికి పాత గుడ్డ చుట్టి ఉంది, ఎడమ చేతికి వాటంగా. నా అల్లాయ్ చక్రాన్ని బల్లకు అమర్చిన వైస్‌లో బిగించి పక్కకు జరిగాడు.

"కొయ్యుండ్రి, డ్రైవర్ సాబ్" అన్నాడు.

కోయడం మొదలుపెట్టాను. ఎనభై ఏళ్ల చేతులు, రంపం గీత మీద నిలవడానికే చాలాసేపు పట్టింది. అతను చేతులు కట్టుకుని నా ఎదురుగా నిలబడ్డాడు, ఒకప్పుడు ఆ షెడ్డులో బండి యజమానులు నిలబడినట్టు. సాయం రాలేదు. ఆపమని కూడా అనలేదు. బయట విజయవాడ బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. లోహపు పొడి, సుద్దపొడి కలిసి నా చెప్పుల మీద రాలుతున్నాయి. బ్లేడు ఇంకా అర అంగుళం కూడా దిగలేదు.